83 డిగ్రీల సీ బ్యాండ్ డిష్: మధ్యాహ్నం ఒక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా సిగ్నల్ పోతోంది

మేడమీది_డిష్ (బెంగళూరు, కేఆర్ పురం), అక్టోబరు 2

నమస్తే అండీ. 180 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, సొంత హెడ్‌ఎండ్ (డిష్ సిగ్నల్ పట్టి ఫ్లాట్లన్నింటికీ పంచే ఏర్పాటు). 83 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-30 కోసం 2.4 మీటర్ల ప్రైమ్ ఫోకస్ డిష్ (సిగ్నల్ పట్టే మూతి, అంటే ఫీడ్, డిష్ నడిమధ్యకు ఎదురుగా ఉండే రకం) ఉంది. ఎల్‌ఎన్‌బీ (ఫీడ్ వెనక సిగ్నల్‌ని పెంచి, ఫ్రీక్వెన్సీ దించి కేబుల్లోకి పంపే డబ్బా) 3.4 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ రకం, ఫ్రీక్వెన్సీ దించడానికి అది వాడే లోకల్ ఆసిలేటర్ 5150 మెగాహెర్ట్జ్. డిగ్రీల్లో అజిముత్ (ఉత్తరం నుంచి దిక్కు) 157, ఎలివేషన్ (ఎత్తు కోణం) 73.5, స్క్యూ (ఎల్‌ఎన్‌బీని తిప్పిన కోణం) 12. క్యారియర్లు (చానెళ్ళను మోసే సిగ్నళ్ళు) ఎక్కువగా 8పీఎస్‌కే 2/3 పద్ధతివి. పొద్దున పూట ఎంఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే అంకె) 12 డీబీ.

గొడవలు రెండు.

ఒకటి: సెప్టెంబరు 25 నుంచి రోజూ మధ్యాహ్నం పావుతక్కువ పన్నెండు ప్రాంతంలో మొత్తం పోతోంది. మొదటి రోజు ఒక నిమిషం. 28, 29 తేదీల్లో పది నిమిషాల పైమాటే. నిన్న ఆరేడు నిమిషాలు, ఇవాళ కాసేపు గళ్ళు పడి ఊరుకుంది.

రెండు: నెల రోజులుగా సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా బొమ్మ ముక్కలవుతోంది. ఎంఈఆర్ 6, 7 మధ్య ఊగుతుంది. అర్ధరాత్రి దాటితే తనంతట తానే సర్దుకుంటుంది.

శాటిలైట్ జరిగిందని ఒకరు, గ్రహణమని ఇంకొకరు అంటున్నారు. ఎల్‌ఎన్‌బీ మార్చాలా, 3.7 మీటర్ల డిష్‌కి వెళ్ళాలా? కమిటీ వాళ్ళు కొటేషన్ అడుగుతున్నారు.


పగటి_నీడ (బెంగళూరు)

మధ్యాహ్నం సంగతికి కొటేషన్ అక్కర్లేదు. అది సన్ అవుటేజ్. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు, ఆయన రేడియో గోల కూడా అదే దారిలో డిష్‌లో పడుతుంది. సిస్టమ్ నాయిస్ పది రెట్లు దాటి పెరిగాక ఏ రిసీవరూ లాక్ పట్టుకోలేదు.

తేదీ మీరే లెక్కకట్టుకోవచ్చు. శాటిలైట్ ఉండేది భూమధ్యరేఖ మీద, మనం ఉండేది 13 డిగ్రీల ఉత్తరాన. అందుకని మన చోటు నుంచి అది ఖగోళ మధ్యరేఖకు 2.3 డిగ్రీలు దక్షిణంగా కనిపిస్తుంది. సెప్టెంబరు 22, 23 తేదీల్లో విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) దాటిన సూర్యుడు రోజుకు 0.39 డిగ్రీ చొప్పున దక్షిణానికి దిగుతాడు. 2.3 దిగడానికి ఆరు రోజులు, అంటే 28, 29. మీ డైరీలో పెద్ద దెబ్బ పడ్డదీ ఆ రోజుల్లోనే కదా. మార్చిలో ఇది తిరగబడుతుంది: విషువత్తుకు ఆరు రోజుల ముందు, అంటే 14, 15 తేదీల దగ్గర వస్తుంది.

గడియారం: బెంగళూరులో 83 డిగ్రీలకు సెప్టెంబరు చివర మధ్య బిందువు 11:45, మార్చిలో 12:03. 93.5 డిగ్రీలకు ఇంకో డిష్ ఉంటే దానికి 10:56, మార్చిలో 11:14. సూర్యుడి గడియారం మన గడియారం కంటే ఒక కాలంలో తొమ్మిది నిమిషాలు ముందు, ఇంకో కాలంలో తొమ్మిది వెనక నడుస్తుంది, ఆ తేడా ఇది.

2.4 మీటర్ల డిష్‌కి 4 గిగాహెర్ట్జ్ దగ్గర చూపు వెడల్పు 2.2 డిగ్రీలు. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ నడుస్తాడు. పది నిమిషాలు అలా వచ్చాయి. 3.7 మీటర్ల డిష్‌కి చూపు 1.4 డిగ్రీలే కాబట్టి నిమిషాలూ రోజులూ తగ్గుతాయి, పూర్తిగా పోవు. దీనికోసం డిష్ కొనడం దండగ. మార్చిలో వారం ముందే లిఫ్టు దగ్గర ఒక కాగితం అంటించండి, ఫోన్లు ఆగుతాయి.

ఇందులో ఒక లాభం ఉంది. అవుటేజ్ మధ్య రోజున, మధ్య నిమిషంలో, ఫీడ్ నీడ డిష్ నడిమధ్య రంధ్రం మీద పడాలి. పక్కకు పడిందంటే డిష్ గురి అంత తప్పినట్టు. మీటర్ లేకుండా ఏడాదికి రెండుసార్లు దొరికే పరీక్ష ఇది. ప్రైమ్ ఫోకస్ డిష్‌కే ఈ లెక్క, ఫీడ్ పక్కకు ఉండే ఆఫ్‌సెట్ డిష్‌కి కుదరదు.

ఆ పది నిమిషాల్లో స్పానర్ మాత్రం పట్టుకోవద్దు. సిగ్నల్ లేదని బోల్టులు వదులు చేశారా, సూర్యుడు పోయాక శాటిలైట్ కూడా దొరకదు. డిష్‌కి మెరిసే పెయింట్ కూడా వేయించకండి. ఆ రోజుల్లో ఎండంతా తెచ్చి ఫీడ్ మూత మీద కుప్ప పోస్తుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. మెరుపు లేని మ్యాట్ పెయింటే వేయాలి.


హాసన్_దారి (బెంగళూరు)

శాటిలైట్ మీద నింద కూడా తీసేద్దాం.

జియోస్టేషనరీ శాటిలైట్‌ని దాని చోటుకు అటూ ఇటూ 0.1 డిగ్రీలో ఉంచుతారు. దూరంలో చెబితే అటు 74 కిలోమీటర్లు, ఇటు 74. మీ డిష్ చూపు 2.2 డిగ్రీలు, ఆ కదలిక దానికి తెలియను కూడా తెలియదు. హాసన్‌లోని మాస్టర్ కంట్రోల్ ఫెసిలిటీ వాళ్ళ పనే ఇది. పైగా 83 సుఖమైన చోటు. భూమి నడుము పూర్తి గుండ్రం కాదు కాబట్టి వదిలేస్తే శాటిలైట్లు 75 డిగ్రీల తూర్పు వైపుకు జారుతుంటాయి. 83 దానికి దగ్గరే, తూర్పు పడమరల లాగుడు తక్కువ. ఇంధనం తినేది ఉత్తర దక్షిణాల సవరణ. చంద్రుడూ సూర్యుడూ కలిసి కక్ష్యని ఏటా ఒక డిగ్రీకి కాస్త తక్కువగా వాలుస్తారు. దాన్ని సరిచేయడానికి ఏటా సెకనుకు 50 మీటర్ల వేగం ఖర్చు. తూర్పు పడమరలకు రెండు మీటర్లు చాలు.

ఒకవేళ నిజంగానే వాలితే, శాటిలైట్ 24 గంటలకోసారి పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊపు నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. సరిగ్గా జనం ఫోన్లు పట్టుకునే వేళకు మొదలై, వాళ్ళు పడుకోగానే ఆగిపోయే వాలు ఎక్కడా ఉండదు. 2020 జనవరి 17న ఎగిరిన శాటిలైట్‌కి 15 ఏళ్ళ పైన ఆయుష్షు రాసిపెట్టారు, అప్పుడే ముసలితనం అంటగట్టొద్దు.

గ్రహణం వేరు. అదీ విషువత్తుల దగ్గరే వస్తుంది, ఒక్కో సీజన్ నెలన్నర. శాటిలైట్ భూమి నీడలో పడుతుంది, ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు. 83 డిగ్రీలకు ఈ వారంలో దాని మధ్య బిందువు రాత్రి 11:49. పగలు 11:45కి సన్ అవుటేజ్, రాత్రి 11:49కి గ్రహణం, గడియారంలో ముళ్ళు ఒకే చోట ఉంటాయి గనక జనం రెండూ కలిపేస్తారు. గ్రహణంలో ట్రాన్స్‌పాండర్లు (శాటిలైట్‌లోని ప్రసార యంత్రాలు) బ్యాటరీ మీద నడుస్తాయి, ఇంట్లో కూర్చున్నవాళ్ళకి తెలియదు.


కేబుల్_కుర్రాడు

అన్నా, సాయంత్రం దానికి ఎస్‌పీ రోడ్డులో 5జీ ఫిల్టర్ అని రెండు పక్కలా ఎఫ్ కనెక్టర్లున్న చిన్న గొట్టం దొరుకుతుంది. ఎల్‌ఎన్‌బీ తర్వాత కేబుల్లో బిగించేయండి. చాలకపోతే ఒక లైన్ యాంప్లిఫైయర్ కూడా.


నాయిస్_ఫ్లోర్ (చెన్నై)

రోగం సరిగ్గానే పట్టావు తమ్ముడూ, మందే తప్పు చోట పూస్తున్నావు. దెబ్బ తగిలేది ఎల్‌ఎన్‌బీ లోపల, మొదటి ట్రాన్సిస్టర్ దగ్గర. అది దాటి కేబుల్లోకి వచ్చాక ఎన్ని గొట్టాలు పెట్టినా చెడిన సిగ్నల్ బాగుపడదు. యాంప్లిఫైయర్ పెడితే చెత్త కూడా పెద్దదవుతుంది, అంతే.

మేడమీది_డిష్ గారూ, దగ్గర్లో ఈ మధ్య 5జీ ప్యానెళ్ళు పెట్టారా? మన దేశంలో ఈ బ్యాండ్ 5జీకి ఇచ్చింది 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్. మీ ఎల్‌ఎన్‌బీ 3400 నుంచే తలుపు తెరిచి కూర్చుంది. లెక్క చూడండి. శాటిలైట్ నుంచి బెంగళూరుకి 36,010 కిలోమీటర్లు, దారిలో పోయేది 195.6 డీబీ. 37 డీబీడబ్ల్యూతో బయల్దేరినా, మీ డిష్ 38 డీబీ పెంచినా, ఎల్‌ఎన్‌బీ ముంగిట్లోకి వచ్చేది మైనస్ 90 డీబీఎం. టవర్ 200 మీటర్లలో ఉండి మీ వైపు 60 డీబీఎం వదులుతోందనుకుందాం. దారిలో 89 పోతుంది, డిష్ పక్క చూపు కాబట్టి ఇంకో 10. అయినా మైనస్ 39. తేడా 51 డీబీ, లక్ష రెట్ల పైమాట. గుసగుస వినడానికి పెట్టిన చెవి పక్కన డప్పు కొట్టినట్టు.

సాయంత్రమే ఎందుకంటే, 5జీ టవర్ వాడకాన్ని బట్టి ప్రసారం చేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు చాలా స్లాట్లు (ప్రసారానికి విడదీసిన సమయపు ముక్కలు) మౌనంగా పోతాయి. ఏడు దాటాక జనం వీడియోలు మొదలుపెడితే ఆ స్లాట్లన్నీ నిండుతాయి.

రుజువు చేసుకోవడం ఇలా. స్పెక్ట్రమ్ చూపించే మీటర్ ఎల్‌ఎన్‌బీ కేబుల్‌కి తగిలించండి. 5150 లోంచి తీసేస్తే మీ చానెళ్ళు 950 నుంచి 1450లో వస్తాయి, తలకిందులుగా. 5జీ 1480 నుంచి 1750 మధ్య వస్తుంది, ఆ పైన ఎల్‌ఎన్‌బీ తనే తగ్గించేస్తుంది. మీటర్‌ని మ్యాక్స్ హోల్డ్‌లో (ప్రతి చోటా వచ్చిన గరిష్ఠాన్ని నిలిపి చూపే పద్ధతిలో) పెట్టడం మరవద్దు, 5జీ ఆగి ఆగి కొడుతుంది గనక మామూలు స్వీప్‌కి దొరక్కపోవచ్చు. అక్కడ బల్లపరుపుగా వెడల్పాటి దిబ్బ లేచి, అది లేచినప్పుడల్లా పక్కన మీ క్యారియర్లు కుంగుతుంటే ఎల్‌ఎన్‌బీ ఉక్కిరిబిక్కిరవుతోందన్నమాట. తెల్లవారుజామున మూడింటికి అదే కొలత ఇంకోసారి తీసి పక్కన పెట్టుకోండి. పోలరైజేషన్ (తరంగం ఏ దిక్కులో ఊగుతుందన్నది) మార్చడానికి ఎల్‌ఎన్‌బీకి ఇచ్చే 13, 18 వోల్టులు రెండింటి మీదా చూడండి. ఒక్క పోలరైజేషన్‌లోనే ఉంటే వేరే కథ.

ఇంకొకటి అడుగుతాను. స్క్యూ 12 ఎవరు చెప్పారు?


మేడమీది_డిష్

రాత్రి ఎనిమిదిన్నరకు కొలిచాను. 1500 నుంచి 1700 దాకా దిబ్బ ఉంది, మ్యాక్స్ హోల్డ్‌లో నా క్యారియర్ల కంటే 25 డీబీ ఎత్తు. రెండు వోల్టేజీల్లోనూ ఉంది. క్యారియర్లు 4 డీబీ కుంగాయి. తెల్లవారుజామున దిబ్బ 10 డీబీ తగ్గింది, క్యారియర్లు లేచాయి. రోడ్డుకు అవతల బిల్డింగ్ మీద కొత్త ప్యానెళ్ళున్నాయి, సుమారు 150 మీటర్లు, మా మేడ కంటే కాస్త ఎత్తులో.

స్క్యూ డిష్ బిగించినతను తన చార్టు చూసి పెట్టాడు. చెన్నై నుంచి వచ్చాడతను.


నాయిస్_ఫ్లోర్ (చెన్నై)

అనుకున్నాను. 12 మా ఊరి అంకె. చెన్నైలో 83కి అజిముత్ 168, ఎలివేషన్ 74.3, స్క్యూ 11.6. బెంగళూరులో స్క్యూ 22.3 రావాలి. ఊళ్ళు పక్కపక్కనే కదా అనుకుంటారు, కానీ శాటిలైట్ నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు రెండున్నర డిగ్రీల రేఖాంశం తేడా కూడా స్క్యూని పది డిగ్రీలు తిప్పేస్తుంది.

పది డిగ్రీలు తప్పితే ఎదురు పోలరైజేషన్ మీ దాంట్లోకి 15 డీబీ తేడాతోనే కారుతుంది. మీ డిష్‌కి పొద్దున 15, 16 రావాల్సిన ఎంఈఆర్ 12 దగ్గర ఆగింది అందుకే. 8పీఎస్‌కే 2/3కి బొమ్మ నిలబడే గీత 6.6, అంతకు తగ్గితే పోతుంది. పన్నెండు ఉన్నప్పుడు బాగానే కనిపిస్తుంది, మార్జిన్ మాత్రం ముందే తినేశారు.

అందుకని ముందు స్క్యూ. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తూ, ఎల్‌ఎన్‌బీని గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో ఇంకో పది డిగ్రీలు తిప్పాలి. చివరి రెండు మూడు డిగ్రీలు కోణమాపకంతో కాదు, మీటర్‌తో. ఒక పోలరైజేషన్‌లో మాత్రమే ఉన్న క్యారియర్ పట్టుకుని, వోల్టేజీ రెండోదానికి మార్చి, అది కనిష్ఠానికి పడేచోట బిగించండి. గరిష్ఠం కోసం వెతికితే ఐదు డిగ్రీలు అటూ ఇటూ తేడా తెలియదు, కనిష్ఠమైతే సూదిమొనలా ఉంటుంది. పొద్దున పూట, టవర్ సద్దుమణిగినప్పుడు చేయండి.

అజిముత్ గురించి అంత బెంగ వద్దు. 73.5 డిగ్రీల ఎత్తులో అజిముత్ ఒక డిగ్రీ తప్పితే గురి తప్పేది 0.28 డిగ్రీ మాత్రమే. ఎలివేషన్ తప్పితే తప్పినంతా తప్పే. ఇనుప స్తంభం పక్కన దిక్సూచి పట్టుకుని చూసేవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఉంటారు, అది వేరే సంగతి.

తర్వాత ఫిల్టర్. ఫీడ్ హార్న్‌కీ ఎల్‌ఎన్‌బీకీ మధ్య బిగించే వేవ్‌గైడ్ ఫిల్టర్ (లోహపు గొట్టం), 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ వదిలేది. చూడాల్సినవి రెండే: 3.6 దగ్గర ఎంత ఆపుతుంది, వదిలే బ్యాండ్‌లో ఎంత నష్టపరుస్తుంది. రెండోదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. అర డీబీ ఏముందిలే అంటారు. ఎల్‌ఎన్‌బీ ముందు అర డీబీ నష్టమంటే సిగ్నల్ అర డీబీ తగ్గడమొక్కటే కాదు, ఆ లోహపు గొట్టం తన వేడితో 30 కెల్విన్ల నాయిస్ కలుపుతుంది. మీ సిస్టమ్ మొత్తం 50 కెల్విన్ల దగ్గరుంటే అది 78కి ఎక్కుతుంది. మొత్తం కలిపి నష్టం రెండున్నర డీబీ దాకా. అదే 0.3 డీబీ ఫిల్టర్ అయితే ఒకటిన్నర. స్క్యూ సరిచేసి సంపాదించిన మూడు డీబీలోంచి దీని కర్చు తీరుతుంది. స్క్యూ అలాగే ఉంచి ఫిల్టర్ పెట్టేవాళ్ళు, సాయంత్రం బాగుపడింది గానీ పొద్దున పాడైందని తిట్టుకుంటారు.

ఇంకో చిక్కు. 3670కీ 3700కీ మధ్య సందు 30 మెగాహెర్ట్జ్. ఏ ఫిల్టరూ గోడ కట్టినట్టు ఆపదు. 3700, 3740 మధ్య మీకు చానెల్ ఉంటే అది అందరికంటే ఆఖర్న బాగుపడుతుంది, లేదా పడదు.

ఫిల్టర్‌లో కలిపేసిన ఎల్‌ఎన్‌బీలు కూడా వస్తాయి, చవక, బరువు తక్కువ. టవర్ అర కిలోమీటర్ అవతల ఉంటే అవే చాలు. 150 మీటర్లకు వేవ్‌గైడ్ ఫిల్టరే నా ఓటు.


పిట్టగోడ_చాటు (చెన్నై, తాంబరం)

అందరూ డబ్బు కర్చుపెట్టే దారులే చెబుతున్నారు. దక్షిణాదిలో మనకున్న అదృష్టం డిష్ దాదాపు నెత్తిమీదికి చూడటం. దాన్ని వాడుకోండి.

73.5 డిగ్రీలంటే, డిష్ అంచు నుంచి ఒక మీటర్ దూరంలో 3.3 మీటర్ల ఎత్తు గోడ ఉన్నా శాటిలైట్ కనిపిస్తూనే ఉంటుంది. టవరేమో దాదాపు అడ్డంగా, మీ ఎత్తులోనే ఉంది. కాబట్టి డిష్‌ని వాటర్ ట్యాంకు మీద నుంచి దించి, మెట్ల గది గోడ చాటుకో పిట్టగోడ మూలకో తెచ్చేయండి, గోడ టవర్‌కీ డిష్‌కీ మధ్య పడేలా. చాలామంది డిష్‌ని ఎంత ఎత్తున పెడితే అంత మంచిదనుకుంటారు. 36 వేల కిలోమీటర్లలో మూడు మీటర్లు కలిసొచ్చేదేమీ లేదు, టవర్‌కి మాత్రం ఎదురుగా నిలబెట్టినట్టవుతుంది.

దించే వీలు లేకపోతే టవర్ వైపు జాలీ కట్టండి. 3.5 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 86 మిల్లీమీటర్లు, కాబట్టి కన్ను 8 మిల్లీమీటర్లకు మించకూడదు. కోళ్ళ జాలి సగం ఆపి సగం వదులుతుంది, 6 మిల్లీమీటర్ల వెల్డెడ్ జీఐ మెష్ తీసుకోండి. ఫీడ్ ఎత్తు దాటి కనీసం అర మీటర్ పైకి ఉండాలి, ఎందుకంటే డప్పు మోత నేరుగా చొరబడేది ఫీడ్ మూతిలోకే. ముక్కల అతుకులు నాలుగు వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కట్టాలి. గాలికి తెరచాపలా ఊగుతుంది, స్తంభాలు గట్టిగా పాతండి, ఎర్త్ చేయండి.

దీంతో ఇంకో లాభం. టవర్ తన హద్దు దాటి 3.7 పైన చిందించేది కొంత ఉంటుంది. అది మీ చానెళ్ళ బ్యాండ్‌లోనే పడుతుంది కాబట్టి ఏ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. గోడే ఆపాలి. గోడా ఫిల్టరూ రెండూ పెట్టాక కూడా 3.7 పైన దిబ్బ కనిపిస్తే, మ్యాక్స్ హోల్డ్ ఫొటోలు, తేదీ, సమయం, టవర్ దిక్కు రాసుకుని టెలికాం శాఖ కింది వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్‌కి రాయండి. ఆ కాగితాలు లేకుండా వెళ్తే డిష్ మీద అనుమానంతోనే తిప్పి పంపుతారు.

మధ్యాహ్నం లెక్క మా వైపు వాళ్ళకోసం: చెన్నైలో 83కి సెప్టెంబరు చివర 11:47, మార్చిలో 12:05. బెంగళూరుకీ మాకూ రెండే నిమిషాల తేడా.


మేడమీది_డిష్, అక్టోబరు 12

స్క్యూ సరిచేశాను, కనిష్ఠం 22 దగ్గరే దొరికింది. ఎంఈఆర్ పొద్దున 14.8. డిష్‌ని మెట్ల గది చాటుకు దించాక సాయంత్రం దిబ్బ 14 డీబీ తగ్గింది, ఎంఈఆర్ 11 దగ్గర నిలబడింది. 0.3 డీబీ వేవ్‌గైడ్ ఫిల్టర్ పెట్టాక రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకీ ఒకటే అంకె: 13.2. ఒక్క 3725 దగ్గరి క్యారియర్ మాత్రం సాయంత్రం 9.5.

ఫిల్టర్ పెట్టాక ఎల్‌ఎన్‌బీ పది అంగుళాలు వెనక్కి పోయింది. ఫీడ్‌ని ముందుకు జరపాలా?


నాయిస్_ఫ్లోర్ (చెన్నై)

వద్దు. ఫోకస్ ఉండేది ఫీడ్ హార్న్ మూతి దగ్గర, ఎల్‌ఎన్‌బీ దగ్గర కాదు. మూతి కదలకపోతే ఎంత పొడుగు గొట్టం తగిలించినా ఫర్వాలేదు. కానీ ఆ బరువుకి ఫీడ్ కాళ్ళు వంగుతాయి, ఒక తీగ కట్టి వెనక్కి లాగి పట్టండి. ఫ్లాంజ్‌ల మధ్య రబ్బరు గ్యాస్కెట్ రెండు చోట్లా పెట్టారో లేదో చూడండి. ఒకటి ఎల్‌ఎన్‌బీతో వచ్చింది, రెండోది చాలామంది మర్చిపోతారు. వాన నీళ్ళు ఫిల్టర్ కుహరంలోకి దిగితే మళ్ళీ కొత్తది కొనాల్సిందే. 9.5 వచ్చే క్యారియర్ అలా వదిలేయండి, 6.6 గీతకు దాదాపు మూడు డీబీ పైన ఉంది.